మెలి తిరిగిన ఎముక

"ఈ చెయ్యి రోడ్డు మీద విరగలేదమ్మా," అంది డాక్టర్ బాలసరస్వతి, ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి.

హరిచందన దగ్గరికి జరిగింది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఏళ్ళ తరబడి యాక్సిడెంట్ కేసులు తవ్వి తవ్వి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. విరిగిన ఎముకలు ఆమెకి కొత్త కాదు. కానీ భుజానికీ మోచేతికీ మధ్య ఉండే ఆ ఒక్క ఎముకా, చెరుకు గడని రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టినట్టు ఏటవాలుగా చీలిపోయి ఉంటే, చూస్తున్న ఆమె తన కుడిచేతిని తనే పట్టుకుంది.

"బండి జారిపడితే ఇలా విరగదా అండీ?"

"ఒక్క ఫోటో చూసి ఒట్టేసి చెప్పలేను. గాయంలో దొరికింది చూశాక చెబుతున్నాను. రోడ్డు మీద పడ్డవాడి గాయంలో తారు నలుసో, కంకర పొడో ఒక్కటైనా ఉండాలా? ఒక్కటి లేదు. ఎముక పక్కనంతా నల్లటి బురద. పైన చూస్తే కంత చిటికెన వేలు పట్టేంత. తీసుకొచ్చిన వాళ్ళు గీరుకుపోయిందనుకున్నారు. అది బయటినుంచి పడిన కంత కాదు. లోపలినుంచి ఎముక మొన పొడుచుకొచ్చిన కంత."

"మరి ఎముక బయట లేదుగా?"

"అదే చెబుతున్నా. బయటికొచ్చింది, బురదలో మునిగింది, మళ్ళీ లోపలికి పోయింది. పోతూ పోతూ బురదని వెంటబెట్టుకుపోయింది. ఎవరో చెయ్యి పట్టుకుని తిన్నగా లాగి ఉంటారు." డాక్టర్ గారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. "లాగకూడదు, తోయకూడదు. శుభ్రమైన గుడ్డ తడిపి కప్పి, ఉన్న చెయ్యిని ఉన్నట్టే ఒంటికి కట్టి, పరుగున తేవాలి. ఈ నాలుగు ముక్కలూ ఎవరికీ తెలియవు. తెలియకపోవడం వాళ్ళ తప్పూ కాదు."

పేషెంటు పేరు తారిక్. మోటార్లు, ఏసీలు బాగుచేసే కుర్రాడు. గుణదలలో కాపురం. నిన్న మధ్యాహ్నం పామర్రు రోడ్డులో బండి జారిపడ్డాడని వాళ్ళ బావమరిది కరిముల్లా వ్యాన్‌లో పడుకోబెట్టి తీసుకొచ్చాడు.

"ఇప్పుడెలా ఉన్నాడండీ?"

"రాగానే టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి, యాంటీబయాటిక్ మొదలెట్టాం. థియేటర్‌లో సెలైన్‌తో కడిగి కడిగి, చచ్చిన కండ తీసేసి, గాయం కుట్టకుండా వదిలేశాం. ఎముక కదలకుండా బయటినుంచి రాడ్లు బిగించాం. రక్తం ఆడుతోంది, వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి. మణికట్టు మాత్రం వాలిపోయింది. ఆ ఎముకని చుట్టుకుని ఒక నరం పోతుంది, అది నలిగింది. నెలల మీద దానంతటదే కోలుకోవచ్చు. నా భయం అది కాదు. జ్వరం దిగట్లేదు. పొద్దున్నించి గాయం చుట్టూ చర్మం రంగు మారుతోంది."

"మందు మార్చలేరా?"

"ఏ మందుకి మార్చమంటావు? రోడ్డు అన్నారు, రోడ్డు గాయానికిచ్చే మందే ఇచ్చాను. పేడ మట్టి తగిలితే ఒక పురుగు, మంచినీళ్ళ చెరువైతే ఇంకో పురుగు, ఉప్పు నీళ్ళయితే అది మరీ దుర్మార్గపు పురుగు. దేని మందు దానిదే. ల్యాబ్ రిపోర్టు రేపు గానీ రాదు. అన్నీ కలిపి పోసేద్దామంటే కిడ్నీలు అప్పుడే మొరాయిస్తున్నాయి." ఆవిడ ఎక్స్‌రేని కవరులో పెట్టేసింది. "సాయంత్రం మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్తాను. కడిగి పంపిస్తానా, చెయ్యి తీసేసి పంపిస్తానా అన్నది సగం నువ్వు తెచ్చే కబురు మీద ఉంది. ఎవడు చేశాడో నాకక్కర్లేదమ్మా. ఏ నీళ్ళో కనుక్కో చాలు."

వరండాలో బెంచీ మీద అఫ్సా కూర్చుని ఉంది. తారిక్ భార్య. హరిచందన జాకెట్లన్నీ కుట్టేది ఆ పిల్లే, పొద్దున ఫోన్ చేసి పిలిపించిందీ ఆ పిల్లే. ఒళ్ళో పది నెలల పాప, నుదుటి మీద తడిగుడ్డ. పాప కాస్త మూలిగితే చాలు, అఫ్సా ముందు నుదురు తాకి చూస్తోంది, తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తోంది, ఆ తర్వాతే తల ఎత్తుతోంది.

"అక్కా, కొట్టారు కదా ఆయన్ని? బండి మీద పడలేదు కదా?"

"పడలేదనే అంటున్నారు. నీకెందుకు అనుమానం వచ్చింది?"

"బండి చూశానక్కా. ఎడం వైపు అద్దం పగిలింది, ఎడం వైపు గీసుకుపోయింది. ఆయనకి విరిగింది కుడిచెయ్యి. ఎడం వైపు పడ్డ మనిషికి కుడిచెయ్యి ఎలా విరుగుద్ది?" అఫ్సా ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గానీ, కొలతలు తీసే కన్ను కదా, ఎడమా కుడీ దాన్ని మోసం చెయ్యలేవు. "మా అన్నని అడిగితే నా మొహం చూడట్లేదు. పొద్దున పోలీసులొచ్చి పట్టుకుపోయారు. ఫోన్ కూడా లాక్కున్నారక్కా, ఆయన్ని కొట్టినవాళ్ళు."

"ఎలా తెలుసు?"

"ఆయనకి రెండు నంబర్లు. నిన్న మధ్యాహ్నం పాపకి ఒళ్ళు కాలిపోతోంది. సిరప్ పోస్తే కక్కేసింది. కళ్ళు తేలేస్తుందేమోనని భయమేసి కొత్త నంబరుకి చేశా, ఎత్తలా. పాత నంబరుకి చేశా. ఎవరో ఎత్తి, ఉలుకూ లేదు పలుకూ లేదు, పెట్టేశారు. ఒళ్ళు మండి మళ్ళీ చేశా. మళ్ళీ అంతే, ఎత్తి పెట్టేశారు."

"టైము గుర్తుందా?"

అఫ్సా తన ఫోన్ తీసి చూపించింది. ఒంటిగంటకి కాస్త ముందు ఒక కాల్, వెనకాలే ఇంకొకటి.

"ఆ తర్వాత చేశావా?"

"లేదక్కా. కొత్తది స్విచాఫ్. పాతదానికి చెయ్యాలంటే వణుకొస్తోంది. ఈసారి వాడు మాట్లాడితే? అదే టైముకి ఆయన్ని అక్కడ కొడుతున్నారేమో. నేనిక్కడ పాప, సిరప్ అని గోల." పెదవి కొరుక్కుంది. "నాకు మాటివ్వండక్కా. ఎవరైనా సరే. మా అన్నయినా సరే. ఏడుస్తానని దాచొద్దు. వాడెవడో తెలియాలి నాకు. పాప మీద ఒట్టు, జన్మలో క్షమించను వాణ్ణి."

హరిచందన మాటిచ్చేసింది. ఇవ్వకుండా ఉండాల్సింది. కానీ చంకలో జ్వరం పిల్లతో, మనిషిని లోపల పెట్టుకుని బయట కూర్చున్న ఆడపిల్ల చెయ్యి చాపితే, ఎవరు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటారు?

"నేను మెసేజ్ పెట్టినప్పుడు ఆ పాత నంబరుకి ఒక్కసారి చెయ్యి," అంది. "అప్పటిదాకా ముట్టుకోకు. ఆ ఫోన్ ఎక్కడ మోగుతుందో చూద్దాం."

*

పామర్రు దాటాక ఉన్న పోలీస్ స్టేషన్‌లో ఎస్సై జయదేవ్ ఆమెని చూసి కుర్చీలోంచి లేవలేదు.

"రండి డిటెక్టివ్ గారూ. ఆలస్యమైంది. కేసు అయిపోయింది, భోజనం కూడా అయిపోయింది. మజ్జిగ ఉంది, పుచ్చుకుంటారా?"

"కరిముల్లాతో మాట్లాడాలి ఎస్సై గారూ."

"ఎందుకండీ? మీరు కనిపెట్టేది నేను కనిపెట్టేశా. బండి ఎడం వైపు గీతలు, మనిషికి కుడిచెయ్యి. యాక్సిడెంట్ కాదు, నాటకం. బండిని పడేసింది బావమరిది. వారం కిందట బావా బావమరుదులు ఇంటి ముందు అరుచుకున్నారని వీధంతా చెబుతోంది. ఇనప రాడ్‌తో ఒక్కటిచ్చాడు, భయపడి ఆస్పత్రికి మోసుకెళ్ళాడు. రాడ్ ఎక్కడుందో ఒక్కటే చెప్పట్లేదు."

"చెప్పడు. లేని రాడ్ ఎక్కణ్ణుంచి తెచ్చి చెబుతాడు? రాడ్‌తో కొడితే ఎముక అడ్డంగా విరుగుతుంది, దెబ్బ తగిలిన చోట కమిలిపోతుంది. ఇది మెలితిరిగి విరిగింది. చేతిని ఏదో పట్టుకుని తిప్పేసింది."

"ఏదో! మీ ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళకి ఈ 'ఏదో' చెబితే సరిపోయేదేమో. కోర్టులో జడ్జి గారు పేరడుగుతారు."

"పేరు తర్వాత. సాయంత్రానికి అతని చెయ్యి పోతుంది. మీకు కావలసింది ముద్దాయి. నాక్కావలసింది ఒక్క మాట. మీరు పక్కనే ఉండండి, నేనేమీ దాచుకోను."

జయదేవ్ ఆమెని ఒక్క క్షణం చూసి, "ఫిలిప్, తీసుకురావయ్యా," అన్నాడు కానిస్టేబుల్‌తో.

కరిముల్లాని చూస్తే ముప్పై దాటని మనిషి. రొయ్యల మేత వ్యాన్ తోలతాడు. చొక్కా మీద నల్లటి మరకలు ఎండి అట్టకట్టాయి. నెత్తురో బురదో తెలియట్లేదు. హరిచందన ఎదురుగా కూర్చుంది. ఎవరు, ఎందుకు అని అడగలేదు.

"చెయ్యి లాగింది నువ్వేనా కరిముల్లా?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఈ ప్రశ్న కోసం తయారై లేడు పాపం.

"ఎముక బయటికొచ్చింది. నువ్వు చెయ్యి పట్టుకుని లాగావు. తిన్నగా అయిపోయింది. అవునా?"

"అయిందమ్మా," అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "చిన్నప్పుడు కాలు బెణికితే మా దాదీ అట్టాగే లాగేది. బావ అరుస్తున్నాడు. తెల్లగా ఎముక. చూళ్ళేకపోయా. మణికట్టు దగ్గర పట్టుకుని లాగితే టక్కుమంది. ఎముక కనబళ్ళా ఇంక. అల్లా దయ అనుకున్నా. తువ్వాలు పెట్టి బిగించి కట్టా. నా చేత్తో నేనే సరిచేశాననుకున్నానమ్మా."

"ఆ టక్కుమన్నది ఎముక లోపలికి పోయిన చప్పుడు. దాంతోపాటు బురద కూడా పోయింది. ఇప్పుడు ఆ బురదే అతని చెయ్యిని తినేస్తోంది."

కరిముల్లా తల గోడకేసి కొట్టుకున్నాడు. ఫిలిప్ వెళ్ళి పట్టుకోవాల్సి వచ్చింది.

"నువ్వు రోడ్డు అన్నావు. డాక్టరు రోడ్డు మందే ఇచ్చింది," హరిచందన గొంతు పెంచలేదు. "నిన్నెవరూ ఎవరి పేరూ అడగట్లేదు. నువ్వు ఎవర్ని కాపాడుతున్నావో కాపాడుకో. ఒక్కటి చెప్పు. అవి ఏ నీళ్ళు?"

జయదేవ్ ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఉప్పు నీళ్ళు," అన్నాడు కరిముల్లా. "రొయ్యల చెరువు. ఉప్పు బోరు వేసి నింపింది."

ఆమె అప్పటికే ఫోన్ కలిపేసింది. "డాక్టర్ గారూ, రొయ్యల చెరువు. ఉప్పు నీళ్ళు." అటుపక్క డాక్టర్ గారు "సిస్టర్!" అని కేకేసి మందు పేర్లు రెండు గబగబా చెప్పడం వినిపించింది. ఆ తర్వాత ఫోన్‌లోకి తిరిగొచ్చి, "ఈ ఒక్క మాట నిన్న వచ్చినప్పుడే చెప్పుంటే..." అని, మిగతాది మింగేసి పెట్టేసింది.

ఫోన్ స్పీకర్‌లో లేకపోయినా ఆ మాట కరిముల్లాకి వినబడింది. కళ్ళు మూసుకున్నాడు.

"చెరువులో ఏం జరిగింది?"

"ఏరియేటర్. రొయ్యలకి గాలాడాలని నీళ్ళు చిమ్ముద్దే, ఆ రెక్కల చక్రం. ఒకటి చప్పుడొస్తోందని నేనే బావని పిలిచా. నేను గట్టు మీద మేత బస్తాలు దించుతున్నా. బావ నీళ్ళలో దిగి చెయ్యి లోపల పెట్టాడు. అది లేచింది."

"లేచిందా? ఎవరు వేశారు స్విచ్?"

"ఎవరూ..." అని ఆగాడు. అతని మొహంలో ఏదో తలుపు వేసుకున్నట్టయింది. "నేనే. నేనే వేశా. రాసుకోండి సార్. చంపుదామనే వేశా."

జయదేవ్ చేతులు రెండూ చాపాడు, చూశారా అన్నట్టు.

హరిచందన నమ్మలేదు. నేరం చేసినవాడి మాట బయటికొచ్చేటప్పుడు కక్కినట్టుంటుంది. ఇతను ఎవరిదో బరువు భుజానికెత్తుకున్నట్టున్నాడు.

"స్విచ్ ఎక్కడుంటుంది?"

"గట్టు మీద... కరెంటు స్తంభానికి. పెట్టెలో."

"తాళం?"

"ఉంటది."

"తాళంచెవి నీ దగ్గరుందా?"

కరిముల్లా తల అటు తిప్పేసుకున్నాడు.

"చెరువు చూద్దాం ఎస్సై గారూ," అంది హరిచందన లేస్తూ. "ఒప్పుకున్న నేరం ఎక్కడికీ పారిపోదు కదా."

*

చెరువు గట్టు మీద మనిషనేవాడు లేడు. యజమాని నిన్ననే గన్నవరంలో పెళ్ళికి వెళ్ళాడట, ఇంకా రాలేదు. చెరువుకి రెండు ఏరియేటర్లు. దూరంగా ఉన్నది తిరుగుతూ నీళ్ళు చిమ్ముతోంది. గట్టు పక్కది ఆగి ఉంది. దాని ఇరుసుకి నీలం గుడ్డ పేలిక ఒకటి, పురికొస చుట్టినట్టు చుట్టుకుని ఉంది.

"చొక్కా చెయ్యి," అంది హరిచందన. "ముందు గుడ్డని పట్టుకుంది. తర్వాత గుడ్డలో ఉన్న చేతిని."

జయదేవ్ పేలికని చూశాడు, ఆమెని చూశాడు. ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టు, "సరే, రాడ్ కాదు. అయితే ఏంటి? వీడు స్విచ్ వేస్తే చక్రమే రాడ్," అన్నాడు.

ఆమె స్తంభం దగ్గరికి వెళ్ళింది. ఇనప పెట్టెకి తాళం వేసే ఉంది. ఆ తాళం తుప్పు చూస్తే ఈ మధ్య ఎవరూ తీసిన జాడ లేదు. పెట్టె పక్కనుంచి ఎలుక తోకంత నల్ల వైరొకటి బయటికొచ్చి నిలబడి ఉంది. అదేంటో ఆమెకి తట్టలేదు. తాళం తీయకుండా స్విచ్ ఎలా వేశాడు? ఆ ఆలోచనలోనే ఉంది మనసంతా. తర్వాత తల్చుకున్నప్పుడల్లా ఆ నల్ల వైరు దగ్గర ఇంకో నిమిషం నిలబడి ఉండాల్సిందని ఆమె ప్రాణం ఉసూరుమనేది.

తారిక్ ఫోన్ ఇక్కడే ఎక్కడో ఉండాలి. గడ్డిలోనో, మేత బస్తాల పాకలోనో. మోగితే వినబడుతుంది. ఆమె తన ఫోన్ తీసి అఫ్సాకి మెసేజ్ పెట్టింది. 'ఇప్పుడు చెయ్యి.'

పాక వైపు చెవి రిక్కించి నిలబడింది.

వెనక జయదేవ్ గొంతు. "ఫిలిప్, దిగి ఆ గుడ్డ ముక్క జాగ్రత్తగా విప్పుకు రావయ్యా. చింపకు."

ఫిలిప్ ప్యాంటు మడిచి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. జీపు దగ్గర బేడీలతో నిలబెట్టిన కరిముల్లా ఒక్కసారిగా కేకపెట్టాడు. "సార్, ఫ్యూజు తియ్యండి! ముందు ఫ్యూజు తియ్యండి సార్!"

"ఫ్యూజు తీస్తే అవతల చక్రం కూడా ఆగి రొయ్యలన్నీ తేలతాయి, మళ్ళీ ఆ రైతు నా మీద పడి ఏడుస్తాడు," అన్నాడు జయదేవ్. "ఆగిన చక్రం కరుస్తుందా? నువ్వక్కడే నిలబడు."

"కరుస్తది సార్! చెయ్యి పెట్టకన్నా!"

ఫిలిప్ రెక్కల మధ్యకి చెయ్యి పోనిచ్చాడు.

కరిముల్లా పరిగెత్తాడు. బేడీలున్న చేతులతోనే గట్టు మీంచి ఎగిరి ఫిలిప్ మీద పడ్డాడు. ఇద్దరూ వెల్లకిలా నీళ్ళలో మునిగారు. స్తంభం మీది పెట్టెలో టక్కుమని చిన్న చప్పుడైంది. చక్రం ఒక్కసారి మూలిగి, లేచి, గిర్రున తిరిగింది. ఇంతకుముందు ఫిలిప్ చెయ్యి ఉన్నచోట నీళ్ళు నిలువెత్తున ఎగిరాయి.

జయదేవ్ బూట్లతోనే దిగి ఫిలిప్‌ని చొక్కా పట్టుకుని ఈడ్చాడు. "చెయ్యి! చెయ్యి చూపించు! వేళ్ళు ఆడించరా!" ఎప్పుడూ అయ్యా అని పిలిచే మనిషి నోట 'రా' వచ్చింది. ఫిలిప్ వేళ్ళు ఆడించాడు. మోచేతి దగ్గర గీరుకుపోయింది, అంతే. దేవుడి దయ.

అప్పుడు హరిచందన చేతిలో ఫోన్ మోగింది.

"అక్కా! ఎత్తాడక్కా! రింగవగానే ఎత్తాడు! మాట్లాడలేదు, పెట్టేశాడు. వాడే!"

చక్రం నీళ్ళు చిమ్ముతూనే ఉంది. హరిచందన తల తిప్పి స్తంభం వైపు చూసింది. నల్ల వైరు. ఏరియల్. పెట్టెలో మనిషి లేడు. ఓ సిమ్ కార్డు ఉంది, అంతే. రింగొస్తే ఎత్తుతుంది, మోటారు వేస్తుంది, పెట్టేస్తుంది. పొలం పోకుండా ఇంట్లోంచే మోటారు వేసుకునే మొబైల్ స్టార్టర్. ఈ జిల్లాలో గట్టుకొకటి కనబడుతుంది. ఆమె కళ్ళముందే ఉంది.

ఒంటిగంటకి కాస్త ముందు ఒక కాల్. వెనకాలే ఇంకొకటి.

"అక్కా? వింటున్నారా? ఉండండి, మళ్ళీ చేస్తా. ఈసారి వాడు పలికేదాకా వదలను."

"వద్దమ్మా, అఫ్సా, ఆగు—"

లైన్ కట్టయింది. ఒక్క నిమిషం కూడా కాలేదు. పెట్టెలో మళ్ళీ టక్. చక్రం నీరసించి, తడబడి, ఆగిపోయింది. రెక్కల చివరల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

గట్టు మీద తడిసి ముద్దై కూర్చున్న కరిముల్లా, బేడీలు వేసిన చేతులు రెండూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"చెల్లికి చెప్పకండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నీకెప్పుడు తెలిసింది?"

"వ్యాన్‌లో బావే చెప్పాడు. నెల కిందట ఈ స్టార్టర్ బిగించింది బావే. సిమ్ కావాలంటే, పాతది ఇంట్లో ఊరికే పడుంది కదా అని అది వేసేశాడు. ఒక్క రైతు నంబరే పలికేట్టు పెట్టాలి. రైతేమో మా ఇంట్లో అందరం వేసుకుంటాం, ఎవరు చేసినా లేవాలి అన్నాడు. అట్టాగే పెట్టాడు. చెల్లికి చెబుదామనుకుంటానే మర్చిపోయాడు. నిన్న కొత్త ఫోన్ నీళ్ళలో పడింది. పాపకి జ్వరం, అఫ్సానే చేసుంటది, దాని ముందు నోరు విప్పొద్దని నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. విరగని చేత్తో." అతను వెక్కాడు. "అందుకే రోడ్డన్నా. బండి తీసుకెళ్ళి నేనే పడేశా. వారం కిందట అరుచుకుంది కూడా ఏమీ కాదమ్మా, పాపకి ఏ ఆస్పత్రిలో చూపించాలా అని. మందు తేడా వస్తదని నాకేం తెలుసు? చెల్లిని కాపాడదామని బావని చంపుకుంటున్నా."

తారిక్ మర్చిపోయింది ఒక్క మాట. కరిముల్లా దాచింది ఒక్క మాట. అఫ్సా చేసింది ఒక్క ఫోన్, అదీ జ్వరం వచ్చిన పిల్ల కోసం. ఇందులో చెడ్డవాడెవడని వెతకడానికి బయల్దేరింది తను. ఇప్పుడు తనూ ఒక మెసేజ్ పెట్టింది. ఫిలిప్ చెయ్యి మిగిలింది ఈ బేడీల మనిషి దయవల్ల.

జయదేవ్ జేబులోంచి తాళంచెవి తీసి, కరిముల్లా ముందు గొంతుక్కూర్చుని బేడీలు విప్పాడు. గొంతులో ఎగతాళి లేదు. "ఫ్యూజు తియ్యమని చెప్పావు," అన్నాడు. "నేను విన్లేదు." ఆ తర్వాత లేచి, తనే స్తంభం దగ్గరికి వెళ్ళి, పెట్టె బయటున్న ఫ్యూజు పీకేశాడు. అవతలి చక్రం కూడా ఆగిపోయింది. రొయ్యల సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఇంకోటి కూడా చెప్పాడమ్మా బావ," అన్నాడు కరిముల్లా, మణికట్లు రుద్దుకుంటూ. "చక్రం పట్టుకున్నప్పుడు నేను అరుస్తున్నా, పెట్టెకి తాళం. బయటున్న ఫ్యూజు సంగతి ఆ కంగారులో తట్టలా. అది భుజం దాకా లాగేస్తోంది. ఉన్నట్టుండి ఆగింది. చెల్లి కోపమొచ్చి రెండోసారి చేసింది కదా, అందుకు. చెయ్యకపోయి ఉంటే చెయ్యి కాదు, మనిషే పోయేవాడు. ఆ సంగతి దానికి చెప్పాలని ఉందిరా అన్నాడు. అది చెప్పాలంటే మొదటిది చెప్పాలి కదా."

ఫోన్ మోగింది. డాక్టర్ బాలసరస్వతి.

"మందు ఎక్కుతోంది. ఇప్పుడే ఏమీ చెప్పలేను. థియేటర్‌కి తీసుకెళ్తున్నాం. రంగు మారడం చర్మం మీద నేను గీత గీసిన చోట ఆగినట్టే ఉంది. ఆగితే చెయ్యి నిలుస్తుంది. భార్య సంతకం కావాలంటే, ఆ పిల్ల నువ్వొస్తే గానీ కదలనంటోంది. ఇదిగో, ఇస్తున్నా."

పాప ఏడుపు ముందు వినబడింది. తర్వాత అఫ్సా.

"అక్కా, ఇందాక ఆ నీళ్ళ చప్పుడేంటి? రెండోసారి కూడా ఎత్తి పెట్టేశాడు. మీకు తెలిసిపోయింది కదా? మీ గొంతు మారింది. మాటిచ్చారక్కా మీరు. ఎవరు?"

కరిముల్లా గట్టు మీద కూర్చుని ఆమె మొహంలోకే చూస్తున్నాడు. జయదేవ్ అటు తిరిగి నిలబడ్డాడు. నీళ్ళ మీద ఆగిన చక్రం, దాని ఇరుసుకి నీలం పేలిక.

ఇవాళ దాచొచ్చు. రేపు చెయ్యి నిలిచాక తారిక్ ఇంటికొస్తాడు. వాలిన మణికట్టుతో, జాకెట్లు కుట్టే మిషన్ పక్కనే రోజంతా కూర్చుంటాడు. ఆ ఇంట్లో ఇద్దరు మగాళ్ళు ఒకే అబద్ధం మీద కాపలా కాస్తూ బతకాలి. ఒక అబద్ధం ఎంత ఖరీదో ఈ రోజు చూసింది తను. తిన్నగా కనబడుతోంది కదా అని లోపల బురదతో మూసేస్తే ఏమవుతుందో కూడా చూసింది.

"అఫ్సా," అంది హరిచందన. "సంతకం పెట్టు. పాపకి పాలు పట్టు. ఆ నంబరుకి ఇంక ఎప్పుడూ చెయ్యకు. నేనూ మీ అన్నా వస్తున్నాం, కూర్చుని మాట్లాడుకుందాం."

"ఎవరో చెప్పండక్కా ముందు!"

"చెబుతానమ్మా. మోటారు వేసినవాళ్ళెవరో కూడా చెబుతాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "కానీ దాన్ని ఆపి మీ ఆయన ప్రాణం నిలబెట్టినవాళ్ళు ఒకరున్నారు. ముందు వాళ్ళెవరో చెబుతాను."